హోగార్త్ బొమ్మల్లో ప్రభువుల పెళ్లి బేరం: ప్రసంగానికి సలహా కావాలి

ప్రశ్న (విజయనగరం):
పెద్దలకు నమస్కారం. మా గ్రంథాలయంలో ఇంగ్లండు చిత్రకారుడు విలియం హోగార్త్ (1697–1764) గురించి ప్రసంగించే బాధ్యత నాకు అప్పగించారు. 1726లో ‘హ్యూడిబ్రాస్’ అనే వ్యంగ్యకావ్యానికి బొమ్మలు చెక్కిన ఈయన, దాదాపు 20 ఏళ్ల తరువాత ‘మ్యారేజ్ ఎ-లా-మోడ్’ అనే 6 చిత్రాల కథలో ప్రభువుల ఇంటి గుట్టును రట్టు చేశాడు. కళాకారులకు అన్నం పెట్టే వర్గాన్నే అంత నిర్భయంగా ఎలా ఎండగట్టగలిగాడు? సభలో రంగుల చిత్రాలు చూపించాలా, అచ్చుబొమ్మలా?

జవాబు 1 (శ్రీకాకుళం):
నమస్కారమండి. ఆయన జీవనం ఏ ఒక్క ప్రభువు దయ మీదా ఆధారపడలేదు. రాగిరేకుపై బొమ్మ చెక్కి, ముందుగా చందాలు కట్టించుకుని, అచ్చు తీసి అమ్మే పద్ధతి ‘హ్యూడిబ్రాస్’ 12 పెద్ద బొమ్మల నాటికే ఆయనకు పరిచయం. దొంగ నకళ్ల బెడద తీరడానికి తోటి కళాకారులతో కలిసి పార్లమెంటును ఆశ్రయించి, చెక్కినవారికి 14 ఏళ్ల హక్కునిచ్చే చట్టాన్ని 1735లో సాధించాడు; అది అమలులోకి వచ్చేదాకా ‘ఎ రేక్స్ ప్రోగ్రెస్’ (ఒక దుబారా యువకుడి పతనం కథ) అచ్చుబొమ్మలను విడుదల చేయకుండా ఆపాడు. కొనేవారు వేరైనప్పుడు భయపడవలసిన అవసరమేముంటుంది?

జవాబు 2 (బొబ్బిలి):
నా అభిప్రాయంలో అచ్చుబొమ్మలే చూపించండి. రాగిరేకు మీది బొమ్మ కాగితంపై కుడిఎడమలుగా తిరగబడుతుంది కనుక, ఆయన ఆ 6 రంగుల చిత్రాలను ముందే తిరగవేసి గీశాడు; 1745 నాటి అచ్చుల్లోనే కథ ఎడమ నుంచి కుడికి సరిగా నడుస్తుంది. మొదటి బొమ్మపై ఎక్కువసేపు నిలపండి. కీళ్లవాతంతో కాలు చాపిన ముసలి ప్రభువు తన వంశవృక్షాన్ని చూపిస్తుంటే, కళ్లద్దాలు పెట్టుకున్న వర్తకుడు, అంటే పెళ్లికూతురి తండ్రి, ఒప్పందపత్రం చదువుతుంటాడు, పెళ్లికొడుకు అద్దంలో తన్ను తాను చూసుకుంటుంటాడు, పెళ్లికూతురి చెవిలో వకీలు ఏదో చెబుతుంటాడు. కిటికీ బయట, ప్రభువుకు డబ్బు చాలక సగంలో ఆగిన భవనం ఆ పెళ్లి ఎందుకో చెప్పేస్తుంది.

జవాబు 3 (విజయనగరం):
ఒక్క సవరణండి: దీన్ని ప్రభువులపై మాత్రమే విమర్శగా చెప్పవద్దు. బిరుదు కోసం కట్నం పోసిన వర్తకుడిది కూడా సమానమైన దోషమే. ఆరో బొమ్మలో, ప్రియుడైన ఆ వకీలును ఉరితీశారని తెలిసి విషం తాగిన కూతురు ప్రాణం వదులుతుంటే, ఆ తండ్రి ఆమె వేలి ఉంగరం లాగుతుంటాడు. మన ఊరి సభికులకు ‘కన్యాశుల్కం’ గుర్తుకు రాక మానదు. అయితే అక్కడ డబ్బు పుచ్చుకునేవాడు పిల్ల తండ్రి, ఇక్కడ ఇచ్చేవాడు ఆయన. ఈ తేడా స్పష్టంగా చెప్పండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. ఒకటో, ఆరో అచ్చుబొమ్మలను పక్కపక్కన చూపించి, తండ్రి ఇచ్చిన సొమ్ము నుంచి ఉంగరం దాకా కథ నడిపిస్తాను. 1735 చట్టం సంగతి వాటికి ముందే చెబుతాను.