ఫ్యాట్ బర్నర్‌లో యోహింబే బెరడు: కొవ్వు కరుగుతుందా, గుండె దడేనా?

నిద్రలేని_కండలు:
34 ఏళ్లు, 86 కిలోలు. ఏడాదిగా జిమ్‌కి వెళ్తున్నాను. భుజాలు బాగానే వచ్చాయి, బొడ్డు చుట్టూ ఉన్నది మాత్రం వదలనంటోంది. ట్రైనర్ ఒక డబ్బా చేతిలో పెట్టి, "పరగడుపున వేసుకో, చెట్టు బెరడే కదా, ఏం కాదు" అన్నాడు. రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు కాఫీ తాగి మరీ వేసుకున్నా. ట్రెడ్‌మిల్ ఎక్కకముందే చేతులకు చెమటలు, దడ, వెనకాల ఎవరో నిలబడ్డారన్నంత భయం. ఇంటికొచ్చి బీపీ చూసుకుంటే 158/96. మామూలుగా 124/80 ఉంటుంది. రెండు గంటలకి సర్దుకుంది.

డబ్బా మీద "యోహింబే సారం" అని ఉంది కానీ అది ఎన్ని మిల్లీగ్రాములో లేదు. కెఫీన్‌తో సహా అన్నీ కలిపి "ప్రొప్రైటరీ బ్లెండ్ 650 మి.గ్రా." అంతే. సగం డోసు వేసుకుంటే పర్లేదా? అన్నట్టు, రాత్రిళ్లు డిప్రెషన్‌కి ఒక మాత్ర వేసుకుంటాను. ట్రైనర్‌కి చెప్పలేదు.

పాత_బార్‌బెల్:
అసలు సంగతి ఆఖరి రెండు వాక్యాల్లో దాచారు! ముందు డబ్బా పక్కన పెట్టండి, మాత్ర పేరు డాక్టర్‌కి చెప్పి అడగండి. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఆ బెరడులో పనిచేసేది యోహింబిన్. మన నరాల్లో నార్‌అడ్రినలిన్ (గుండె వేగం, బీపీ పెంచే రసాయనం) మరీ ఎక్కువగా విడుదల కాకుండా ఆల్ఫా-2 రిసెప్టర్లు (కణాల మీద ఆ రసాయనాన్ని అందుకునే చోట్లు) పగ్గం వేస్తాయి. యోహింబిన్ ఆ పగ్గాన్ని వదిలేస్తుంది. కొవ్వు కణాల మీదా ఆ రిసెప్టర్లే ఉంటాయి కాబట్టి కొవ్వు కరుగుతుందని ఆశ. కానీ దడ, బీపీ, భయం వచ్చేదీ ఆ దారిలోనే. పానిక్ డిజార్డర్ ఉన్నవాళ్లలో ప్రయోగం కోసం పానిక్ తెప్పించడానికి పరిశోధకులు వాడిన పదార్థం ఇదే. మీకు వెనకాల ఎవరో ఉన్నట్టనిపించడంలో వింతేమీ లేదు.

పైగా దీన్ని విరగ్గొట్టే కాలేయ ఎంజైమ్ (సీవైపీ2డీ6) అందరిలో ఒకేలా పనిచేయదు. ఒకరికి గంటలోపే దిగిపోయే డోసు ఇంకొకరి ఒంట్లో చాలాసేపు తిష్ఠ వేస్తుంది. పరాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి.

సగం డోసు అంటున్నారు, దేనిలో సగం? అమెరికాలో 49 బ్రాండ్లను పరీక్షిస్తే, ఒక్కో డోసులో యోహింబిన్ అసలు లేనివాటి నుంచి 12 మి.గ్రా. ఉన్నవాటి దాకా తేలాయి. యూరోపియన్ యూనియన్ 2019లో ఈ బెరడును ఆహార పదార్థాల్లో నిషేధించింది.

ఆరుపలకల_ఆశ:
అంత భయపెట్టకండి గురూ. నేను ఎనిమిది వారాలు వాడాను, మూడు కిలోలు తగ్గాను. ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద స్టడీ కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది వారాలూ స్వీట్లు ముట్టలేదు, రాత్రి భోజనం సగానికి తగ్గించా.

పాత_బార్‌బెల్:
మరి ఆ మూడు కిలోలు స్వీట్ల ఖాతాలో వేయాలా, బెరడు ఖాతాలోనా :)

ఆ స్టడీ చదివాను. 20 మంది ఆటగాళ్లు, 21 రోజులు, రోజుకు 20 మి.గ్రా. కొవ్వు శాతం 9.3 నుంచి 7.1కి తగ్గింది, కండరాల బలంలో తేడా లేదు. అప్పటికే సన్నగా ఉన్న క్రీడాకారులు వాళ్లు. దాన్ని మన బొడ్డుకి అంటగట్టలేం. "చెట్టుదే కదా" అనే మాటకి ఎఫెడ్రా గుర్తు తెచ్చుకోండి. అదీ మొక్కే, బరువు తగ్గించే డబ్బాల్లో వాడేవారు. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు బయటపడ్డాక 2004లో అమెరికా దాన్ని సప్లిమెంట్లలో నిషేధించింది.

నేనూ ఒకప్పుడు వాడినవాడినే. పదిరోజులు నిద్ర పోయింది, నడుము కొలత అంగుళం కూడా కదల్లేదు. ఇప్పుడు వర్కౌట్ ముందు కాఫీ ఒక్కటే. మీరు దాన్ని కూడా డాక్టర్‌ని అడిగాకే.

నిద్రలేని_కండలు:
మాత్ర పరాక్సెటినే. డాక్టర్ డబ్బా ఫొటో చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, వద్దన్నారు. తిరిగి ఇచ్చేస్తే ట్రైనర్ "మీకు పడలేదు సార్" అని ఇంకో డబ్బా తీశాడు. దాని మీద "నారింజ తొక్క సారం, సైనెఫ్రిన్" అని ఉంది. ఇది కూడా చెట్టుదేనట.