పందికొక్కు బతికే చోటుకు హద్దు గీసేది నీరా, వేరే ఎలుకలతో పోటీయా?

కోవూరు రైతు: పెన్నా ఆయకట్టులోని మా వరి గట్ల మీద, నోటి దగ్గర తాజా మట్టి కుప్ప పోసి మూసిన పందికొక్కు బొరియలే కనిపిస్తాయి. క్రితం పంట ఈనే దశలో యానాదులను పిలిచి గట్టు తవ్విస్తే, ఒక్కో బొరియలో ఒడినిండా వెన్నులు దొరికాయి. ఆ పందికొక్కులన్నిటినీ పట్టించిన నెలలోపే, అంతకుముందు గట్టు మీద చూడని మెత్తని బొచ్చు ఎలుకలు వచ్చి చేరాయి. చోటు ఖాళీ అయితేనే అవి వచ్చాయి కనుక, ఇన్నాళ్లూ వాటిని ఆపింది పందికొక్కే.

కనిగిరి మెట్ట రైతు: పందికొక్కు తవ్వడానికి చెమ్మగల నేల కావాలి. మా చెరువు ఎండిన ఏడాది అది తనంతట తానే మాయమైంది, ఏ ఎలుకా దాన్ని తరమలేదు.

ఒంగోలు సైన్సు టీచరు: నీరు, పోటీ విడివిడిగా పనిచేస్తాయనుకోవడంలోనే చిక్కు ఉంది. అమెరికాలోని నెవాడా కొండల్లో రెండు దగ్గరి జాతుల చారల నేల ఉడుతలున్నాయి. ఒకటి కింది పలచని అడవిలో, రెండోది పై దట్టమైన అడవిలో ఉంటుంది, కానీ రెండింటిలో ఏదో ఒక్కటే ఉన్న కొండ మీద అది రెండు చోట్లా కనిపిస్తుంది. చెట్లు దూరదూరంగా ఉన్నచోట రెండోది నేల మీదుగా పోవాలి కనుక దూకుడుగల మొదటిది దాన్ని తరిమేస్తుంది. కొమ్మలు కలిసినచోట అది చెట్ల మీదుగానే తప్పించుకుంటుంది, తరమడంలో మొదటిదానికి కాలమే వృథా. జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ బ్రౌన్ 1971లో వివరించిన సంగతి ఇది. అంటే పోటీలో ఎవరిది పైచేయో ఆ చోటే తేలుస్తుంది.

కనిగిరి మెట్ట రైతు: ఉడుతల సంగతి మా గట్లకు కొలమానం కాదు.

కోవూరు రైతు: గట్టు మీద నేను కళ్లారా చూసినది కూడా మీకు చాలదా?

కనిగిరి మెట్ట రైతు: చాలదండీ. మీ చేను పక్కనే మా మామగారి చేనుంది. ఒకటి పోతే ఇంకొకటి వస్తుందంటూ ఊరంతా కలిసి పెట్టే మందు ఎరకు మీరు డబ్బివ్వలేదు, మా వెన్నులు పోయాయి. మీ పోటీ వాదం వెనుక ఉన్నది అదే.

కోవూరు రైతు: అవును, ఇవ్వలేదు. పందికొక్కును చంపి రెండోదానికి చోటివ్వడం నాకు నష్టమేనని ఇప్పటికీ అంటాను.

ఒంగోలు సైన్సు టీచరు: అయితే ఒకే కాలువ నీరు పారే రెండు గట్లలో ఒకదాన్నే తవ్వించి, రెండింటి మీదా బొరియలు లెక్కపెట్టండి. తవ్విన గట్టు మీదే కొత్త ఎలుక వస్తే పోటీ ఉన్నట్లే, రెండింటి మీదా వస్తే కారణం వేరే ఉంది.

కనిగిరి మెట్ట రైతు: లెక్కకు నేనూ వస్తాను, కానీ ఏ గట్టు తవ్వాలో మా మామగారు చెప్పాలి.