ఆ వియత్నాం సైనికుడి ఎపిసోడ్: ఇసినోఫిల్స్ 1 శాతం చూపించి పురుగంటారా?

ఎర్రకణం: ఆ హాస్పిటల్ సీరియల్ ఎపిసోడ్ చూడనివాళ్ల కోసం కథ: వియత్నాంలో పోరాడిన అమెరికన్ మాజీ సైనికుడు, 70 దాటాయి. ఆయాసం, పిల్లికూతలు. ఆస్తమా అని ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మి.గ్రా. మొదలెట్టారు. వారంలో కడుపు ఉబ్బింది, సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే ఇన్‌ఫెక్షన్), ఆపైన మెనింజైటిస్ (మెదడు పొరల వాపు). వెన్నునీటిలో ఈ.కోలై అనే పేగు బాక్టీరియా. చివరికి కఫంలో స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు లార్వా (పిల్లపురుగు). కానీ తెరమీది రిపోర్టు ఆపి చూడండి, ఇసినోఫిల్స్ (ఒకరకం తెల్ల రక్తకణాలు) 1 శాతం! పురుగుంటే పెరగాలి కదా? క్లూ దాచేసి డాక్టర్ని మేధావిని చేశారు.

కల్చర్‌ప్లేట్: అది స్టెరాయిడ్ పడ్డాక తీసిన రిపోర్టు. స్టెరాయిడ్‌తో ఇసినోఫిల్స్ పడిపోతాయి. హైపర్‌ఇన్‌ఫెక్షన్‌లో (స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచడంతో పురుగులు విపరీతంగా పెరిగి ఒళ్లంతా పాకడం) అవి పెరగకపోవడం తరచూ చూసేదే, అదొక చెడ్డ గుర్తు కూడా. అసలు క్లూ ఈ.కోలై. పేగు గోడ తొలుచుకుపోయే లార్వాలు అక్కడి బాక్టీరియాను వెంట మోసుకెళ్తాయి. తలకి దెబ్బ లేదు, సర్జరీ లేదు, మరి వెన్నునీటిలోకి పేగు బాక్టీరియా ఎలా వచ్చింది?

వార్డుపిల్లి: యాభై ఏళ్లు బతికే పురుగా?

కల్చర్‌ప్లేట్: ఒకే పురుగు కాదండీ. తడిమట్టిలోంచి చర్మం గుండా దూరి, ఊపిరితిత్తుల మీదుగా పేగు చేరుతుంది. దాని పిల్లల్లో కొన్ని బయటికి పోకుండా పేగు గోడలోంచో, మలద్వారం దగ్గరి చర్మంలోంచో మళ్లీ లోపలికే దూరతాయి. అలా తరాలు నడుస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో థాయ్‌లాండ్–బర్మా రైలుమార్గం పనిలో పెట్టిన యుద్ధఖైదీల్లో దశాబ్దాల తర్వాత కూడా దొరికింది.

ఎర్రకణం: పాఠాలొద్దు. స్టెరాయిడ్‌కి ముందు రిపోర్టులోనూ 4 శాతమే. దానికేమంటారు?

సెలైన్‌బాటిల్: ట్యూబులోంచి పేగు పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ పోసి మర్నాటికి లేపి కూర్చోబెట్టారు. పేగు కదలిక ఆగిపోయినవాడికి అది సరిగ్గా ఒంటికి పట్టదు. ముందు దాన్ని తిట్టండి.

కల్చర్‌ప్లేట్: 4 శాతమైతే పురుగు లేనట్టు కాదు, కొందరిలో మామూలుగానే ఉంటాయి. ఒక్కసారి మలపరీక్ష చేసి లేదనడమూ అంతే. లార్వాలు రోజూ పడవు. వేర్వేరు రోజుల సాంపిళ్లు, వీలైతే అగార్ ప్లేటు (ల్యాబులో వాడే జెల్లీ పళ్లెం) మీద చూడాలి. మీకు ఆ అంకె తప్ప ఇంకేమీ కనబడట్లేదు.

ఎర్రకణం: కిందటి చర్చలోనూ ఇదే వెటకారం. సూటిగా చెప్పండి. అంకె వద్దు, మలపరీక్ష నమ్మొద్దు, ఆధారం లేకుండా అందరికీ మందు మింగించాలి. అంతేగా?

కల్చర్‌ప్లేట్: ఎక్కడ పనిచేశాడన్నదే ఆధారం! ఆ ప్రశ్న డాక్టరు అడిగింది ఎపిసోడ్ చివర్లో. ఆయాసం ముదిరితే స్టెరాయిడ్ ఆపలేం. సీరాలజీకి (పురుగు మీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీల పరీక్ష) రక్తం తీసి, రిజల్టు కోసం ఆగకుండా అదే రోజు కిలోకు 200 మైక్రోగ్రాముల ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలి. 70 కిలోల మనిషికి 3 మి.గ్రా. మాత్రలు 5, మర్నాడు మరోసారి. లోవా లోవా అనే మరో పురుగు ఉండే ఆఫ్రికా ప్రాంతాల్లో గడిపినవాళ్లకైతే ముందు రక్తంలో ఆ పురుగు పిల్లలున్నాయేమో చూడాలి, చూడకుండా ఈ మందిస్తే మెదడుకి ముప్పు. వియత్నాంలో ఆ బెడద లేదు.

ఎర్రకణం: ఇదీ అసలు గొడవ. మీకు అనుమానం చాలు, నాకు రిజల్టు కావాలి. రేపు ప్రతి మాజీ సైనికుడి దగ్గుకీ ఐదు మాత్రలు రాసేస్తారు.

కల్చర్‌ప్లేట్: దగ్గుకి కాదు, స్టెరాయిడ్ మొదలెడుతున్నందుకు. రెండు రోజుల మాత్రలతో పోయేదాన్ని హైపర్‌ఇన్‌ఫెక్షన్ దాకా రానిస్తే, మలంలో, కఫంలో రెండు వారాలపాటు లార్వా కనబడనంతవరకూ రోజూ ఇస్తూపోవాలి. అయినా చాలామంది దక్కరు.

వార్డుపిల్లి: ఇంతకీ ఆయన బతికాడా?

సెలైన్‌బాటిల్: బతికించారు. నా కంప్లైంటు అదే.