క్లాడియో మోసపోయాడా, మోసపోవడానికి సిద్ధంగానే ఉన్నాడా?

చర్చాంశం: 1600లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం "మచ్ అడో అబౌట్ నథింగ్"లో యువకుడు క్లాడియో చర్చిలో పెళ్లివేళ అందరి ముందూ పెళ్లికూతురు హీరో (ఇది ఆమె పేరు) శీలాన్ని నిందించి ఆమెను వదిలేస్తాడు. చివరికి అతనికి ఆమెతోనే పెళ్లి జరగడం న్యాయమేనా?

మొదటి స్పందన: న్యాయమేనని నా అభిప్రాయం. రాకుమారుడి సవతి సోదరుడు డాన్ జాన్ పన్నాగం ప్రకారం అతని అనుచరుడు బొరాచియో, హీరో దుస్తులు వేసుకున్న పరిచారిక మార్గరెట్‌తో రాత్రివేళ సరసమాడాడు. ఆ దృశ్యం చూసి రాకుమారుడు డాన్ పెడ్రో కూడా నమ్మాడు. అనుభవజ్ఞుడే నమ్మినప్పుడు యువకుడైన క్లాడియోను ఎలా తప్పుపడతాం?

రెండవ స్పందన: కళ్లు మోసపోవడం తప్పు కాదని నేనూ ఒప్పుకుంటాను, నా అభ్యంతరం వేరు. ఆ దృశ్యం చూడకముందే, రాత్రి ఏదైనా కంటపడితే మరునాడు పెళ్లి జరగవలసిన చోటే ఆమెను అవమానిస్తానని క్లాడియో ప్రకటించాడు. ఋజువు దొరక్క ముందే శిక్ష ఖాయమైంది. పైగా, అంతకుముందు ముసుగుల విందులో, డాన్ పెడ్రో హీరోను తన కోసమే కోరుకుంటున్నాడని క్లాడియోను అబద్ధంతో నమ్మించినవాడు ఈ డాన్ జానే.

చర్చి సన్నివేశంలో నన్ను కలచివేసేది హీరో ముఖంలోని ఎరుపు. అది సిగ్గు కాదు, నేరం అంటాడు క్లాడియో. పక్కనే నిలబడి అదే ముఖాన్ని ఓపికగా గమనించిన ఫ్రయర్ (క్రైస్తవ సన్యాసి) ఫ్రాన్సిస్ అందులో నిర్దోషిత్వాన్ని చూస్తాడు. అంటే లోపం దృశ్యంలో లేదు, చూసేవాడి తొందరలో ఉంది. ఆ రాత్రివేళ తాను ఏ పురుషుడితోనూ మాట్లాడలేదని ఆమె చెప్పినా క్లాడియో లెక్కచేయడు. కన్నతండ్రి లియొనాటో సైతం కూతురు చచ్చిపోతేనే మేలనుకుంటాడు. మెస్సీనా నగర గవర్నరైన అతనికి బిడ్డ మాటకన్నా ఇంటి పరువు బరువైంది. అందుకే క్లాడియో ఒక్కడినే దోషిగా నిలబెట్టడం కూడా నాకు సమ్మతం కాదు.

మొదటి స్పందన రాసినవారు: హీరో చనిపోయిందని ఆమె వాళ్లు పుట్టించిన అబద్ధాన్ని నమ్మి, క్లాడియో ఆమె సమాధి దగ్గర శోకించి ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు కదా?

రెండవ స్పందన రాసినవారు: చేసుకున్నాడు, నిజమే. అయితే నిజం తెలిశాక కూడా తన తప్పు పొరపడటం వరకేనని అన్నాడు. ఆమె చనిపోయిందని నమ్ముతూనే, మొహం చూడకుండా లియొనాటో అన్న కూతురిని పెళ్లాడటానికి ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయిగా పెళ్లికి వచ్చి ముసుగు తీసిన హీరో, తాను బతికున్నంత నిజంగా కన్యనేనని అక్కడ మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది.