నన్నారి సోడా కలిపే మిషను చేస్తా ఉన్నా, కొలత నిలకడగా రాలేదు, తెలిసినోళ్ళు చెప్పండి

తిరుపతి_నన్నారి:
అన్నలకి అక్కలకి నమస్తే. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గిర మా చిన్నాయనకి షర్బత్ అంగడి ఉంది. నన్నారి (సుగంధిపాల వేరు పాకం) సోడా, లెమన్ సోడా, రోజ్ మిల్క్. ఎండాకాలం వస్తే సాయంత్రం 5 నుంచి 9 దాకా నిలబడేదానికి చోటు ఉండదు. ఆయనకి పోయినేడు నుంచి కుడి భుజం పట్టేస్తా ఉంది, ఒక్కో గ్లాసుకి మూడు సీసాలు ఎత్తి వంచాల కదా. పనికి కుర్రోళ్ళని పెడితే ఒకడు నన్నారి ఎక్కువ పోస్తాడు ఇంకొకడు తక్కువ పోస్తాడు, రోజూ తాగేవాళ్ళు గుక్క తాగంగానే ఈరోజు కలిపింది మీరు కాదు కదా అని అడిగేస్తారు. అందుకని బటన్ నొక్కితే ఆయన కొలత ప్రకారమే పడేటట్టు మిషను మొదలుపెట్టినా.

ఇప్పటికి ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంప్యూటర్), 4 చానెళ్ళ రిలే (కరెంటు స్విచ్చి), 12 వోల్టుల చిన్న పెరిస్టాల్టిక్ పంపులు (రోలర్లతో ట్యూబుని పిండి తోసేవి) 4, సిలికాన్ ట్యూబు, అన్నీ ప్లైవుడ్ పెట్టెలో బిగించినా. చిన్నాయన కొలత 300 ఎంఎల్ గ్లాసుకి నన్నారి 40, నిమ్మరసం 15, రెండు ఐసు ముక్కలు, మిగతాది సోడా, పైన సబ్జా. పంపు ఇన్ని సెకన్లు తిరగాల అని టైము లెక్క పెట్టినా. పొద్దున పెట్టిన లెక్క మధ్యాన్నానికి తప్పుతా ఉంది, నన్నారి ఎక్కువ పడతా ఉంది. ఆ 40 ఎంఎల్ పడేదానికే 25 సెకన్ల పైన పడతా ఉంది, జనం ఆగరు. సోడాని పంపులో తోస్తే నురగే గానీ గ్యాసు మిగల్లేదు. ఇంకోటి, కరెంటు పోయి వచ్చిందంటే పంపులు వాటంతట అవే ఒక గిర్రు తిరిగి రోంత సిరప్ కారుస్తా ఉన్నాయి. ఏం చేయాలో చెప్పండి.

రేణిగుంట_సర్క్యూట్:
తమ్ముడూ మంచి పని ఎత్తుకున్నావు, ఓపిగ్గా చదువు. ముందు టైము లెక్క వదిలెయ్. పాకం పొద్దున చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటాది, ఎండెక్కితే పల్చబడతాది, అదే పంపు అదే సెకన్లకి వేరే కొలత పోస్తాది. ఫ్లో మీటర్ (పారేది కొలిచేది) పెడదాం అనుకుంటావేమో, బజార్లో దొరికే వైఎఫ్-ఎస్201 నిమిషానికి ఒక లీటరు నుంచి పైకి పారే నీళ్ళకి చేసింది, నీ సన్న ధారకి దాని చక్రం సరిగ్గా తిరగదు. తూకం పెట్టు. గ్లాసు కింద 1 కిలో లోడ్ సెల్ (తూకం సెన్సరు), దానికి తూకాన్ని అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు. గ్లాసు పెట్టి ఐసు వేసినాక సున్నా చేసుకో, అప్పుడు ఒకటొకటిగా పొయ్యి. ఒకటి మర్చిపోవద్దు, పాకం నీళ్ళకంటే బరువు. 65 శాతం చక్కెర ఉండే పాకం లీటరు సుమారు 1.3 కిలో తూగుతాది, అంటే 40 ఎంఎల్ అంటే 40 గ్రాములు కాదు 52 గ్రాములు. మీ నన్నారి ఎంత చిక్కగా ఉంటాదో 100 ఎంఎల్ కొలిచి తూకం వేసి ఆ అంకె ప్రోగ్రాంలో రాసుకో.

హెచ్‌ఎక్స్711 మామూలుగా సెకనుకి 10 సార్లే చదువుతాది, రేట్ పిన్నుని హైకి (ప్లస్ వోల్టేజికి) కలిపితే 80 సార్లు చదువుతాది కానీ అంకె ఊగులాట కూడా పెరుగుతాది. 10 చాలు, ఆఖరి 5 గ్రాములప్పుడు పంపు వేగం తగ్గించు. దానికి రిలే పనికిరాదు, వేగంగా ఆన్ ఆఫ్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్చి మాస్‌ఫెట్ కావాల. అంగట్లో ఐఆర్ఎఫ్520 బోర్డు అంటగడతారు, దాని గేటుకి (సిగ్నలు ఇచ్చే కాలుకి) 10 వోల్టులు పడితేగానీ పూర్తిగా తెరుచుకోదు, మన బోర్డు ఇచ్చేది 3.3. తక్కువ వోల్టేజికే తెరుచుకునే లాజిక్ లెవెల్‌ది ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అడిగి తీసుకో, అర ఆంపియర్ పంపుకి సరిపోతాది. ప్రతి పంపుకీ అడ్డంగా ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) వెయ్యి, లేకపోతే పంపు ఆగిన ప్రతిసారీ వచ్చే ఎదురు వోల్టేజి దెబ్బకి బోర్డు రీసెట్ అవుతాది.

కరెంటు వచ్చినప్పుడు తిరిగేది ఎందుకంటే బోర్డు లేచేలోపు పిన్నులు గాల్లో (ఆనూ ఆఫూ కాకుండా) ఉంటాయి. గేటు నుంచి గ్రౌండుకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టు, 0, 2, 12, 15 పిన్నులకి పంపులు తగిలించొద్దు, అవి బూట్ అయ్యేటప్పుడు బోర్డే వాడుకుంటాది. ఇంకోటి గట్టిగా చెప్తా ఉన్నా, తడి చేతులతో ముట్టుకునే మిషను, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా అంగట్లో పెట్టొద్దు.

గోలీసోడా_చిత్తూరు:
మాది రెండు తరాలుగా సోడా పనే. బాబూ, సోడాని పంపులో ఎప్పుడూ తొయ్యొద్దు. పంపు రోలర్లు ట్యూబుని పిండతా పోతాయి, ఆ పిండుడుకే గ్యాసు విడిపోతాది. దాన్ని దాని ప్రెషర్ మీదే రానియ్యాల. స్టీలు కెగ్గులో (ప్రెషర్ తట్టుకునే పీపాలో) సోడా, సిలిండరు నుంచి రెగ్యులేటర్ ద్వారా గ్యాసు, కెగ్గు నుంచి సన్న ట్యూబు రెండు మీటర్లయినా చుట్టలుగా పెడితే ప్రెషర్ మెల్లిగా దిగి నురగ లేకుండా పడతాది. మధ్యలో వాల్వు పూర్తిగా తెరవాల, లేకపోతే పూర్తిగా మూయాల, సగం తెరిస్తే నురగే. అన్నిటికంటే చల్లదనం ముఖ్యం. 25 డిగ్రీల నీళ్ళల్లో నిలబడే గ్యాసు, సున్నా దగ్గిర నిలబడేదాంట్లో సగం కూడా ఉండదు. ట్యూబు చుట్ట కూడా ఐసులోనే ఉండాల.

అయితే నా మాట వింటే, మొదటి మిషనుకి ఇది వద్దు. గాజు సీసాలకో ప్లాస్టిక్ క్యాన్లకో గ్యాసు ఎక్కించి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు, గాజు పగిలి చేతులు పోగొట్టుకున్నోళ్ళని నేను కళ్ళారా చూసినా. సోడా చేత్తోనే పొయ్యండి. మీ చిన్నాయన చేతికి మూడు సీసాల్లో రెండు పోయి ఒకటే మిగులుతాది. రుచి మారేది నన్నారి దగ్గిర, నిమ్మరసం దగ్గిర, వాటిని మిషను చూసుకుంటే చాలు.

తిరుపతి_నన్నారి:
అన్నా చాలా థ్యాంక్స్, సోడా చేత్తో పొయ్యమన్నది చిన్నాయనకి చెప్తే ఆయన ముఖం వెలిగిపోయింది, సోడా కొట్టే శబ్దం వింటేనే జనం ఆగతారంట. మరి 25 సెకన్ల సంగతి ఏం చేయాల? వేరే పంపు కొందామంటే డయాఫ్రం పంపు చవగ్గా దొరకతా ఉంది.

రేణిగుంట_సర్క్యూట్:
నువ్వు తెచ్చిన పంపు మహా అంటే నిమిషానికి 100 ఎంఎల్ పోస్తాది, అందుకే ఆలస్యం. నిమిషానికి 400 పోసే పెరిస్టాల్టిక్ పంపు తీసుకో, 40 ఎంఎల్ 6 సెకన్లలో అయిపోతాది. ధర ఎక్కువే కానీ డయాఫ్రం పంపు వద్దు, దాని లోపల వాల్వులూ రబ్బరూ అన్నీ సిరప్‌లో మునుగుతాయి, ఎంత కడిగినా మూలల్లో మిగులుతాది. పెరిస్టాల్టిక్‌లో సిరప్ తాకేది ట్యూబుని ఒక్కదాన్నే, అరిగితే ట్యూబు మార్చుకుంటే సరి. ఇంకా సిరప్ క్యాను మూతకి గాలి రంధ్రం ఉందా? లేకపోతే క్యాను లోపలికి పీక్కుపోయి ధార సన్నబడతాది.

పల్ప్_క్వాలిటీ_అక్క:
నేను చిత్తూరు దగ్గిర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తా. తోతాపురి సీజన్లో కాయ పనికంటే పైపులు కడిగే పనే మాకు ఎక్కువ, అందుకే ఇంతసేపూ ఎవరైనా కడిగే సంగతి ఎత్తుతారేమో అని చూస్తా ఉన్నా. తమ్ముడూ, మిషను కొలత ఎంత బాగా వచ్చినా కడగకపోతే తాగినోళ్ళ కడుపు చెడతాది. చిక్కటి పాకం దానంతట అది తొందరగా చెడదు, అంత చక్కెరలో సూక్ష్మజీవులు పెరగలేవు. కానీ ట్యూబు కొన దగ్గిర ఐసు నీళ్ళు తగిలి పాకం పల్చబడిందా, ఆ చుక్కలోనే పులుపు మొదలవుతాది. నిమ్మరసం ఇంకా నాజూకు, పొద్దున పిండింది సాయంత్రానికి చేదు తిరగతాది, క్యాను నిండా పెట్టొద్దు, రెండు మూడు గంటలకి సరిపడా పోసుకోండి, సన్న జల్లెడలో వడగట్టి మరీ పొయ్యండి. నిమ్మరసం తగిలే చోట ఇత్తడి, రాగి, అల్యూమినియం ఏవీ ఉండకూడదు, స్టీలో ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్కో మాత్రమే.

రాత్రి అంగడి మూసేముందు ప్రతి లైనులో ముందు మంచినీళ్ళు తోయండి, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, తర్వాత హైపో (క్లోరిన్ బ్లీచ్ ద్రవం) నీళ్ళు ఒక రెండు నిమిషాలు నిలబెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో వాసన పోయేదాకా. 5 శాతం హైపో లీటరు నీళ్ళకి 2 ఎంఎల్ వేస్తే 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) వస్తాది, అంతకంటే వద్దు. నిమ్మరసం లైనులో నీళ్ళు తోయకుండా నేరుగా హైపో పెట్టొద్దు, పులుపూ హైపో కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తాది. రోజ్ మిల్క్ మాత్రం ఈ మిషనులో పెట్టొద్దు అని బతిమాలతా ఉన్నా, పాలు ట్యూబులో మన ఎండకి గంట కూడా నిలబడవు. రోజ్ సిరప్ పెట్టుకోండి, పాలు ఫ్రిజ్‌లో నుంచి చేత్తో పొయ్యండి. సబ్జా కూడా చెంచాతోనే, నానిన గింజ ట్యూబులో ఇరుక్కుంటే మళ్ళీ రాదు.

తిరుపతి_నన్నారి:
మూడు వారాల తర్వాత రాస్తా ఉన్నా. తూకం పెట్టినా, పెద్ద పంపులు రెండు కొన్నా, ప్లైవుడ్ తీసేసి స్టీలు రేకు పెట్టె చేయించినా. ఇప్పుడు నన్నారి 52 గ్రాములు అంటే 51 నుంచి 53 లోపలే పడతా ఉంది, పొద్దునైనా మధ్యాన్నమైనా. నిమ్మకాయ పులుపు రోజుకొక మాదిరి ఉంటాది కాబట్టి నిమ్మరసానికి ఎక్కువ తక్కువ అని రెండు బటన్లు వేరే పెట్టినా, అది చిన్నాయన అడిగింది, మొదట గ్లాసు ఆయన రుచి చూసి ఆరోజుకి నిర్ణయిస్తాడు. పాలు పెట్టలేదు అక్కా. కడిగేదానికి కూడా ఒక బటన్ పెట్టినా, క్యాన్లు మార్చి నొక్కితే పంపులన్నీ తిరగతాయి, మొత్తం పదిహేను నిమిషాలు. గాలి రంధ్రం పెట్టినాక చీమలు దాంట్లోకి దూరతా ఉన్నాయి, దానికేమన్నా ఉందా?

గోలీసోడా_చిత్తూరు:
రంధ్రానికి సన్న స్టీలు జాలీ కట్టు, క్యాన్లని నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టు. ట్యూబు పళ్ళెం అంచుకి తగలకుండా చూసుకో, తగిలిందంటే చీమలకి అదే వంతెన. వచ్చే వారం తిరుపతి వస్తా ఉన్నా, ఒక నన్నారి సోడా నా లెక్కలో పెట్టమని మీ చిన్నాయనకి చెప్పు.