గోజోలో సాయంత్రం జీపు టూర్: నడుంనొప్పి ఉన్నవాళ్లు ఎక్కొచ్చా?

ప్రశ్న (అమలాపురం): మాల్టాలో ఉన్న మా అమ్మాయి పక్క దీవి గోజోలో మట్టిదారుల జీపు టూర్ బుక్ చేస్తానంటోంది. మా ఆవిడకి నడుంనొప్పి. ముక్తేశ్వరం రేవు దాకా ఆటోలో వెళ్తేనే మూలుగుతుంది. ఎక్కించొచ్చా?

జవాబు: వెళ్లొచ్చానండి. మాల్టాలోని చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీలో 25 నిమిషాలు, మన కోటిపల్లి పంటుకి పెద్దన్న. దిగాకే అసలు కథ. మన గట్ల మీదైతే బురద, అక్కడంతా సున్నపురాయి. చక్రం ఎగిరితే మెడ దాకా తెలుస్తుంది. ముందు సీటు అడగండి. ష్వేయిని ఉప్పుమడులు చూసి తీరాలి, రాతిలోనే గళ్లు గళ్లుగా తొలిచారు. ద్వెయ్‌రాలో రాతి కమాను 2017లోనే కూలిపోయింది, పాత ఫోటోలు చూసి ఆశపడకండి.

ఇంకో జవాబు: జూన్‌లో అయితే ఎనిమిది దాటాకే పొద్దు గుంకుతుంది. సాయంత్రం టూర్ కాబట్టి భోజనం టైము అడిగి పెట్టుకోండి.

అడిగినవారు: ముందు సీటు సంగతి చెప్పానండి. "మీరెళ్లండి, నేను మనవరాలితో ఉంటా" అంది.