అప్‌డేట్: మిగిలిపోతున్న ఊరకోడి గుడ్ల సంగతి

మా నకిరేకల్ ఇంట్ల రోజుకు అయిదారు గుడ్లు మిగులుతున్నయి, ఏం చేయాలె అని పోయిన నెల అడిగిన కదా. మీరు చెప్పినట్టే కడుగుడు ఆపిన. పెంకు మీది పొర పోతే తొందరగ పాడైతయి కాబట్టి పొడిబట్టతోని తుడుస్తున్న.

పొదుగుకొచ్చిన నల్లపెట్ట కింద, గంపల వరిగడ్డి పరిచి పదకొండు పెట్టిన. ఏడోనాడు రాత్రి టార్చి ఆనిచ్చి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడు లెక్క కనవడ్డయి. నా చేతులు వణికినయి! రెండు ఖాళీవి, తీసేసిన. 21వ రోజుకు ఎనిమిది పిల్లలు.

మిగతావి ఉల్లిగడ్డేసి పులుసు పెడుతున్న. దానికి వారం కిందటివే మేలు, ఉడికినంక పెంకు సాఫుగ ఊడుతది. ఇయ్యాల పెట్టినవైతే తెల్లసొన పెంకుతోనే వస్తది. పక్కింటక్కకు కూడా రోజు రెండిస్తున్న. అందరికి శానా థాంక్స్.